మిల్లులోనే రాళ్లు ఏరాలి: మొబైల్ యాప్‌లకు యంత్ర తనిఖీ

టీ కొట్టు దగ్గర నిలబడి, గోడకు అంటించిన నలుపు తెలుపు గళ్ల చీటీకి ఫోను చూపించి పది రూపాయలు చెల్లించడం మీకు అలవాటై ఉంటుంది. 2016లో మొదలైన యూపీఐ పద్ధతి ద్వారా 2024 ఒక్క సంవత్సరంలోనే మన దేశంలో 17,000 కోట్లకు పైగా చెల్లింపులు జరిగాయి. డబ్బు చేతులు మారే ఆ రెండు మూడు సెకన్లలో ఫోనులోని యాప్ చాలా పనులు చేస్తుంది. వాటిలో మనకు బొత్తిగా కనిపించని పని ఒకటుంది. తాను మాట్లాడుతున్నది నిజమైన సర్వరుతోనేనా అని తేల్చుకోవడమే ఆ పని.

ఇందుకోసం సర్వరు ఒక సర్టిఫికెట్ చూపుతుంది. దాని మీద ఉన్న పేరు సరైనదేనా, దానికి పూచీపడ్డ సంస్థ నమ్మదగినదేనా, గడువు తీరిపోలేదు కదా అని యాప్ పరీక్షిస్తుంది. పరీక్ష నెగ్గితేనే గూఢలిపిలో సంభాషణ మొదలవుతుంది. నెగ్గకపోతే యాప్ మాట్లాడకుండా ఆగిపోవాలి.

ఇప్పుడు ఒక సన్నివేశం ఊహించండి. మీ కాలేజీలో నలుగురు మిత్రులు కలిసి బస్సు పాసుల యాప్ రాస్తున్నారు. ప్రయోగశాలలోని సర్వరుకు అసలైన సర్టిఫికెట్ లేదు. తామే తయారుచేసుకున్న ఉత్తుత్తి సర్టిఫికెట్ పెట్టుకున్నారు. యాప్ సహజంగానే దాన్ని ఒప్పుకోదు. రేపు ఉదయమే ప్రదర్శన. రాత్రి పదకొండు గంటలకు వారిలో ఒకరు నాలుగు వరుసల కోడ్ చేర్చి, ఏ సర్టిఫికెట్ వచ్చినా సరే అనమని యాప్‌కు నేర్పుతారు. యాప్ పనిచేస్తుంది. హమ్మయ్య అనుకుని అందరూ నిద్రపోతారు. ఆ నాలుగు వరుసలూ తీసేయాలన్న సంగతి ఆ తరువాత ఎవరికీ గుర్తుండదు.

గుర్తుండకపోవడానికి కారణం లేకపోలేదు. బొత్తాం పనిచేయకపోతే వాడేవాడు ఫిర్యాదు చేస్తాడు. అక్షరాలు కనబడకపోతే తిట్టుకుంటాడు. ఈ లోపానికి అలాంటి లక్షణం ఒక్కటీ లేదు. పాసులు వస్తాయి, డబ్బు జమ అవుతుంది, అందరూ బాగుందంటారు. రైల్వే స్టేషనులోనో కాఫీ హోటలులోనో ఉచిత వైఫై పేరుతో మధ్యలో కూర్చున్న మోసగాడు తన సొంత సర్టిఫికెట్ చూపినా యాప్ తల ఊపుతుంది. పాస్‌వర్డు అతని చేతిలో పడుతుంది. అది కూడా మీకు తెలియదు.

ఇది కేవలం ఊహ కాదు. జర్మనీలోని హనోవర్, మార్బుర్గ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2012లో గూగుల్ ప్లే నుంచి ప్రజాదరణ పొందిన 13,500 ఉచిత ఆండ్రాయిడ్ యాప్‌లను దింపుకుని, సరిగ్గా ఈ లోపం కోసమే వెతికారు. యాప్‌లను ఒక్కొక్కటిగా విప్పి చూసే ప్రోగ్రామును స్వయంగా రాసుకున్నారు. 1,074 యాప్‌లలో, అంటే దాదాపు 8 శాతంలో, మోసగాడికి తావిచ్చే కోడ్ ఉన్నట్టు ఆ ప్రోగ్రాము చెప్పింది. ఎంపిక చేసిన 100 యాప్‌లను చేతితో పరీక్షించగా 41 యాప్‌లు నిజంగానే దొరికిపోయాయి. బ్యాంకు ఖాతాల వివరాలు, క్రెడిట్ కార్డుల సమాచారం వాటి నుంచి రాబట్టగలిగారు. ఆ జాబితాలో ఒక యాంటీ వైరస్ యాప్ కూడా ఉంది! ఆ 41 యాప్‌లూ కలిపి 3.95 కోట్ల నుంచి 18.5 కోట్ల ఫోన్లలో ఉన్నాయని అంచనా.

ఈ అధ్యయనాన్ని మరో వైపు నుంచి చూడండి. కొద్దిమంది పరిశోధకులు ఒక ప్రోగ్రాము సాయంతో 13,500 యాప్‌లను జల్లెడ పట్టగలిగారు. అంటే ఆ పరీక్ష యంత్రానికి సాధ్యమే. మరి ఆ యాప్‌లు రాసినవారే, విడుదలకు ముందే, అదే పరీక్షను ఎందుకు నడపలేదు? సమాధానం చిన్నదే. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని నడపాలి కనుక. రాత్రి పదకొండు గంటలకు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

బెల్ ల్యాబ్స్‌లో వృథా అయిన ఒక ఉదయం

గుర్తుపెట్టుకోవాల్సిన పనిని యంత్రానికి అప్పగించడం కొత్త సంగతేమీ కాదు. 1970 దశకంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ అనే శాస్త్రవేత్త తన ప్రోగ్రాములో తప్పు దొరక్క ఒక ఉదయమంతా కొట్టుకున్నాడు. చివరికి తేలిందేమిటంటే, తప్పును ఆయన అంతకుముందే దిద్దేశాడు. దిద్దిన ఫైలును కంపైల్ చేయడం మాత్రం మరచిపోయాడు. పాత ముక్కే నడుస్తోంది! చిర్రెత్తి సహచరుడు స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి వెళ్లి మొత్తుకున్నాడు. ముందురోజు సాయంత్రం సరిగ్గా అదే పొరపాటుతో అవస్థ పడ్డ ఫెల్డ్‌మన్ ఆ వారాంతంలోనే ఒక సాధనం రాశాడు. ఏ ఫైలు మారిందో, దాని మీద ఆధారపడ్డవి ఏవో చూసుకుని, కావలసినవాటిని మాత్రమే తానే మళ్లీ కంపైల్ చేసే ఆ సాధనం పేరు 'మేక్'. అది 1976 నాటి మాట. నేటి బిల్డ్ యంత్రాలన్నిటికీ అదే మూలపురుషుడు.

చిత్రమేమంటే, చిరాకుపడి మేక్ పుట్టుకకు కారణమైన ఆ జాన్సనే 1978లో 'లింట్' అనే మరో సాధనం తయారుచేశాడు. ఇది సి భాషలో రాసిన ప్రోగ్రామును నడపకుండానే చదివి, అనుమానాస్పదమైన చోట్లను వేలెత్తి చూపుతుంది. లింట్ అంటే ఉతికిన బట్టలకు అంటుకుని ఉండే నూగు. ఈ మాటకు తెలుగులో సరైన పారిభాషిక పదం కోసం నేను చాలాసార్లు వెతికాను. నూగు అంటే చాలనిపిస్తుంది గాని, సంపాదకులు ఎప్పుడూ ఒప్పుకోలేదు. పేరు ఏదైనా, కోడ్‌ను నడపకుండా చదివి తప్పులు పట్టే ఈ పద్ధతిని 'స్టాటిక్ విశ్లేషణ' అంటున్నాం. నేటి భద్రతా స్కానర్లు అనేకం లింట్ సంతానమే.

ఒకటి తయారుచేసే యంత్రం, రెండోది తప్పులు పట్టే యంత్రం. ఈ రెండూ ఒకే వరుసలో నిలబడడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

పైప్‌లైన్ అంటే

పైప్‌లైన్ అనగానే నీళ్ల గొట్టం ఊహించుకోకండి. రైసు మిల్లును ఊహించుకోండి. ఒక చివర వడ్లు పోస్తారు. జల్లెడలో చెత్త పోతుంది, రాళ్లు ఏరే యంత్రంలో రాళ్లు పోతాయి, రబ్బరు రోళ్ల మధ్య ఊక ఊడుతుంది, తరువాత తవుడు. చివర సార్టెక్స్ యంత్రం ఒక్కొక్క గింజ రంగునూ చూసి, నల్లబడ్డ గింజను గాలిపోటుతో పక్కకు తోసేస్తుంది. బస్తాల మీద ఆ పేరు మీరు చూసే ఉంటారు. మధ్యలో ఏ దశనూ ఎవరూ గుర్తుపెట్టుకోనక్కరలేదు. వడ్లు పోస్తే చాలు, అన్ని దశల గుండా వెళ్లక తప్పదు.

యాప్ విషయంలో వడ్ల స్థానంలో సోర్స్ కోడ్ ఉంటుంది. ప్రోగ్రామరు ఒక మార్పు రాసి బృందానికంతటికీ ఉమ్మడిగా ఉండే కోడ్ నిల్వలో చేరుస్తాడు. బిల్డ్ సర్వరు ఆ మార్పును పసిగడుతుంది. వెంటనే ఏమీ లేని ఖాళీ యంత్రం ఒకటి సిద్ధం చేసుకుని, కోడ్‌ను తెచ్చుకుంటుంది. అవసరమైన లైబ్రరీలను, అంటే ఇతరులు రాసిపెట్టిన సిద్ధ కోడ్‌ను దింపుకుంటుంది. అన్నిటినీ కలిపి కంపైల్ చేస్తుంది. పరీక్షలు నడుపుతుంది. తయారైన యాప్‌ను పొట్లం కట్టి, డిజిటల్ సంతకం చేసి, దుకాణానికి పంపుతుంది. ఈ తతంగమంతా ఇరవై ముప్పై నిమిషాల్లో ముగిసిపోవచ్చు. రోజుకు పదిసార్లు కూడా జరగవచ్చు.

నెలకోసారి నిపుణుడిని పిలిచి చేయించే పరీక్ష ఈ వేగం ముందు నిలవలేదు. నిపుణుడు సోమవారం చూసి బాగుందన్న యాప్ మంగళవారానికి మారిపోయి ఉంటుంది. అందుకే తనిఖీని కూడా మిల్లులోనే ఒక దశగా బిగించాలి.

బిగించడమంటే ఏమిటి? యునిక్స్ రోజుల నుంచి వస్తున్న ఒక చిన్న ఆచారం ఇందుకు ఉపయోగపడుతుంది. ఏ ప్రోగ్రామైనా పని ముగించి వెళ్లేటప్పుడు ఒక సంఖ్యను వదిలి వెళ్తుంది. సున్నా అయితే అంతా సవ్యం. సున్నా కాక మరేదైనా అయితే ఏదో తేడా వచ్చిందని అర్థం. పైప్‌లైన్ ఒక దశ ముగియగానే ఆ సంఖ్యను చూస్తుంది. సున్నా అయితేనే తరువాతి దశకు వెళ్తుంది. స్కానరు తీవ్రమైన లోపం కనిపెట్టినప్పుడు 1 అని చెప్పి తప్పుకుంటే చాలు, యాప్ పొట్లం అక్కడే ఆగిపోతుంది. ప్రోగ్రామరుకు కబురు వెళ్తుంది. మొత్తం ద్వారబంధమంతా ఈ ఒక్క సంఖ్య మీదే నిలబడి ఉంది.

ఈ సంఖ్యను పట్టించుకోవద్దని పైప్‌లైన్‌కు చెప్పడం కూడా అంతే తేలిక. ఒకే ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది. స్కానరు నడుస్తుంది, నలభై పేజీల నివేదిక రాస్తుంది, యాప్ మాత్రం ఆగకుండా బయటికి వెళ్లిపోతుంది. ఆ నివేదికను ఎవరూ తెరవరు. భద్రతా తనిఖీ ఉందని కాగితం మీద చూపించుకోవడానికి పనికివచ్చే ఇలాంటి ఏర్పాట్లు తక్కువేమీ కాదు.

పొట్లం విప్పితే

స్కానరు దేన్ని చూస్తుందో తెలియాలంటే యాప్ పొట్లంలో ఏముంటుందో తెలియాలి. ఆండ్రాయిడ్ యాప్ 'ఏపీకే' అనే ఫైలుగా వస్తుంది. పేరు వేరైనా అది మామూలు జిప్ ఫైలే. ఫైలు మొదటి రెండు అక్షరాలు చూస్తే జిప్ సృష్టికర్త ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు పి, కె కనిపిస్తాయి. విప్పితే లోపల బొమ్మలు, కంపైల్ అయిన కోడ్, మానిఫెస్ట్ అనే పట్టిక ఉంటాయి.

మానిఫెస్ట్‌ను చదవడం స్కానరుకు చాలా తేలిక. ఈ యాప్ ఏయే అనుమతులు అడుగుతోంది? గూఢలిపి లేకుండా మామూలు పాఠంగా సమాచారం పంపడానికి ఒప్పుకుంటోందా? ఇతర యాప్‌లు దీని అంతర్భాగాలను నేరుగా పిలిచేలా తలుపులు తెరిచి ఉన్నాయా? వీటికి అవును, కాదు అన్న జవాబులే. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి మామూలు పాఠంగా పంపడం మొదటే నిషిద్ధమైంది. కాని ప్రోగ్రామరు కావాలనుకుంటే ఆ నిషేధాన్ని ఒక్క వరుసతో ఎత్తివేయవచ్చు. ఆ వరుస ఉందో లేదో చూడడానికి స్కానరుకు రెప్పపాటు కాలం చాలు.

రహస్యాల వేట ఇంతకంటే ఆసక్తికరమైనది. యాప్ ఏదో బయటి సేవను వాడుకోవడానికి ఒక తాళంచెవి, అంటే పొడవాటి అక్షరాల వరుస, అవసరమవుతుంది. దాన్ని కోడ్‌లోనే రాసేస్తే పని సులువు. కాని యాప్‌ను ఎవరైనా విప్పవచ్చునని ఇప్పుడే చూశాం కదా. తాళంచెవిని తలుపుకే వేలాడదీసినట్టు! ఫోను కాల్స్, సందేశాల సేవలందించే ట్విలియో తాళంచెవులు దాదాపు 700 యాప్‌లలో ఇలా వేలాడుతున్నాయని 2017లో ఆప్‌థారిటీ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది.

లక్షల వరుసల కోడ్‌లో తాళంచెవిని యంత్రం ఎలా గుర్తిస్తుంది? కొన్నిటికి ముద్రలుంటాయి. అమెజాన్ క్లౌడ్ సేవల గుర్తింపు చెవులు అనేకం ఎ, కె, ఐ, ఎ అనే నాలుగు ఆంగ్లాక్షరాలతో మొదలై మొత్తం 20 అక్షరాలుంటాయి. ముద్ర లేనివాటికి క్లాడ్ షానన్ 1948లో నిర్వచించిన 'ఎంట్రోపీ' అక్కరకొస్తుంది. ఒక అక్షరమాలలో తరువాతి అక్షరం ఏమిటో ఊహించడం ఎంత కష్టమో చెప్పే కొలత ఇది. కొలిచే ప్రమాణం బిట్టు. ఒకే అక్షరం 40 సార్లు వస్తే ఊహించాల్సిందేమీ లేదు, ఎంట్రోపీ సున్నా. నాలుగు అక్షరాలు తలా పదిసార్లు వస్తే అక్షరానికి 2 బిట్లు. నలభై అక్షరాలూ వేర్వేరైతే 5.3 బిట్లు. మనుషులు పెట్టే పేర్లలో అక్షరాలు తిరిగి తిరిగి వస్తాయి, కనుక ఎంట్రోపీ తక్కువ. యాదృచ్ఛికంగా పుట్టించిన తాళంచెవిలో ఎక్కువ. కోడ్‌లోని ప్రతి అక్షరమాలకూ ఈ లెక్క కట్టి, హద్దు దాటినవాటిని స్కానరు పట్టుకుంటుంది. ఉష్ణగతిక శాస్త్రం నుంచి సమాచార శాస్త్రానికి, అక్కడి నుంచి బస్సు పాసుల యాప్‌కు! ఈ మాట చేసిన ప్రయాణం చూస్తే ముచ్చటేస్తుంది.

లైబ్రరీల తనిఖీకి పెద్ద తెలివితేటలు అక్కరలేదు, శ్రద్ధ చాలు. నేటి యాప్‌లో సొంత కోడ్ కంటే తెచ్చుకున్న కోడే ఎక్కువగా ఉండవచ్చు. ఐఫోన్ యాప్‌లు విరివిగా వాడే ఏఎఫ్‌నెట్‌వర్కింగ్ అనే లైబ్రరీలో, 2015 ఆరంభంలో వచ్చిన 2.5.1 వెర్షన్ సర్టిఫికెట్ పరీక్షను సరిగ్గా చేయడం మానేసింది. 2.5.2 వెర్షన్‌లో దిద్దారు. మధ్యలో 2.5.1ను తెచ్చుకుని యాప్ విడుదల చేసినవారు తమ కోడ్‌లో ఒక్క తప్పూ చేయలేదు. అయినా తలుపు తెరుచుకుంది. స్కానరు తెచ్చుకున్న లైబ్రరీల పేర్లను, వెర్షన్లను, తెలిసిన లోపాల జాబితాతో సరిపోలుస్తుంది. ఆ జాబితా రోజూ పెరుగుతుంది కనుక, కోడ్‌లో ఏ మార్పూ లేకపోయినా ఈ తనిఖీ ప్రతి రాత్రీ నడవాలి.

ఇక కోడ్ నడకను చదవడం. ఆపిల్ 2014 ఫిబ్రవరి 21న ఐఫోన్లకు హడావిడిగా ఒక దిద్దుబాటు పంపింది. సర్టిఫికెట్ పరీక్షకు సంబంధించిన కోడ్‌లో 'వైఫల్యానికి వెళ్లు' అనే అర్థం వచ్చే ఒక వరుస పొరపాటున రెండుసార్లు పడింది. మొదటిది షరతు మీద పనిచేస్తుంది. రెండోదానికి షరతు లేదు. దాంతో దాని కింద ఉన్న అసలు పరీక్ష ఎన్నడూ నడవకుండానే అంతా సవ్యమన్న జవాబు వచ్చేది. ఎన్నటికీ నడవని కోడ్ ఉందని చెప్పగల హెచ్చరిక అప్పటి కంపైలరులోనే ఉంది. కాని అడిగితేనే చెబుతుంది. అడగలేదు. పైప్‌లైన్‌లో శాశ్వతంగా అడిగే ఏర్పాటు ఉండి ఉంటే ఆ వరుస బయటికి వచ్చేది కాదు.

చివరిది యాప్‌ను నడిపి చూడడం. నమూనా ఫోనులో యాప్‌ను తెరిచి, మధ్యలో పరీక్షకుడే మోసగాడి వేషంలో ఉత్తుత్తి సర్టిఫికెట్‌తో కూర్చుంటాడు. యాప్ తల ఊపిందా, దొరికింది! మన బస్సు పాసుల యాప్‌లోని నాలుగు వరుసలు ఈ దశలో తప్పక బయటపడతాయి. అయితే ఇది నిదానమైన పరీక్ష. అందుకే చకచకా అయ్యేవాటిని ప్రతి మార్పుకూ, నిదానమైనవాటిని రాత్రిపూట నడుపుతారు.

అబద్ధపు కేకలు

యంత్రం ఇన్ని చేస్తుంటే ఇంకా సమస్య ఎక్కడ? సార్టెక్స్ దగ్గర నిలబడి చూడండి. పక్కకు తోసిన గింజల్లో మంచివి కూడా కొన్ని కనిపిస్తాయి. స్కానరుదీ అదే బాధ. దీని వెనుక గణితశాస్త్ర కారణం ఉంది. ఏ ప్రోగ్రామునిచ్చినా అది ఎప్పటికైనా ఆగుతుందో లేదో తప్పకుండా చెప్పగల పద్ధతి ఉండదని అలన్ ట్యూరింగ్ 1936లో నిరూపించాడు. హెన్రీ రైస్ 1953లో దాన్ని విస్తరించాడు. ప్రోగ్రాము ప్రవర్తనకు సంబంధించిన ఏ ఆసక్తికరమైన ప్రశ్నకూ, అన్ని ప్రోగ్రాముల విషయంలో సరైన జవాబిచ్చే పద్ధతి ఉండదని తేల్చాడు. కాబట్టి ఇలాంటి ప్రశ్నల విషయంలో స్కానరు కొన్ని తప్పులను వదిలేయాలి, లేదా తప్పు కానివాటిని తప్పనాలి, లేదా కొన్నిచోట్ల జవాబివ్వకుండా ఊరుకోవాలి.

లెక్క వేసి చూద్దాం. ఒక యాప్‌లో అనుమానించదగ్గ చోట్లు 2,000 ఉన్నాయనీ, వాటిలో నిజమైన లోపాలు 10 అనీ అనుకుందాం. స్కానరు నిజమైన లోపాల్లో 90 శాతం పట్టుకుంటుంది, మంచి చోట్లలో 5 శాతాన్ని పొరపాటున తప్పంటుంది. చూడడానికి మంచి స్కానరే. పట్టుకున్న అసలు లోపాలు 9. అబద్ధపు కేకలు 1,990లో 5 శాతం, అంటే సుమారు 100. వెరసి 109 హెచ్చరికల్లో నిజమైనవి తొమ్మిదే! మొదటి ఇరవై హెచ్చరికలూ వృథా అయ్యాక ఇరవై ఒకటోదాన్ని ప్రోగ్రామరు చదువుతాడని ఆశించడం కష్టం. ఆ తరువాతే ఇందాక చెప్పిన 'పట్టించుకోవద్దు' అన్న మాట పైప్‌లైన్‌లోకి చేరుతుంది.

అనుభవజ్ఞులు ఇక్కడ ఒక నేర్పు చూపుతారు. స్కానరు బిగించిన మొదటిరోజునే అన్నిటికీ గేటు మూయరు. ఉన్న హెచ్చరికలన్నిటినీ ఒక పాత బాకీల జాబితాగా రాసిపెట్టి, కొత్తగా పుట్టేవాటికి మాత్రమే గేటు మూస్తారు. అదీ తీవ్రమైనవాటికే. పాత బాకీలను వారానికి కొన్ని చొప్పున తీరుస్తారు. ఫలానా హెచ్చరిక అబద్ధమని ప్రోగ్రామరు తేల్చితే, కారణం, తేదీ, పేరు రాసి మినహాయింపు ఇస్తారు. ఆ మినహాయింపుకు గడువు కూడా పెడతారు. నా దృష్టిలో స్కానరు ఎంపిక కంటే ఈ గడువే ముఖ్యమైనది. గడువులేని మినహాయింపు ఆ నాలుగు వరుసల కోడ్ లాంటిదే, ఎవరికీ గుర్తుండదు.

దుకాణాలు కూడా తనిఖీ చేస్తాయి కదా అని మీరు అడగవచ్చు. చేస్తాయి. సర్టిఫికెట్లన్నిటికీ తల ఊపే కోడ్ ఉన్న యాప్‌లను గూగుల్ ప్లే 2016 నుంచి తిప్పి పంపుతోంది. కాని దుకాణం చూసేది అందరికీ వర్తించే కొన్ని తప్పులను. మీ యాప్‌లో ఏది రహస్యమో, ఏ తలుపు తెరిచి ఉండకూడదో మీకే తెలుసు. పైగా సర్వరులోని తప్పును ఒక్క రాత్రిలో దిద్దవచ్చు. యాప్ అలా కాదు. ఫోన్లలోకి చేరిన ప్రతులు వాటి యజమానులు కొత్తది దింపుకునేదాకా అలాగే ఉంటాయి.

వంటపాత్రలోనే విషం ఉంటే

కోడ్‌ను చదివితే చాలదు, తయారైన పొట్లాన్ని కూడా విప్పి చూడాలని పైన అన్నాను. ఎందుకో చైనాలో 2015 సెప్టెంబరులో తెలిసింది. ఐఫోన్ యాప్‌లు తయారుచేయడానికి ఆపిల్ ఇచ్చే ఎక్స్‌కోడ్ అనే సాధనం చాలా పెద్ద ఫైలు. ఆపిల్ సర్వర్ల నుంచి చైనాకు అది నత్తనడకన దిగేది. దాంతో అక్కడి ప్రోగ్రామర్లు కొందరు బైదూ నిల్వ సేవలో ఎవరో పెట్టిన ప్రతిని దింపుకున్నారు. ఆ ప్రతిలో ఒక దొంగ ముక్క ఉంది. దానితో కంపైల్ చేసిన ప్రతి యాప్‌లోకీ ఆ ముక్క చేరిపోయేది. సోర్స్ కోడ్‌ను ఎంత చదివినా ఏమీ కనిపించదు, ఎందుకంటే అందులో ఏమీ లేదు. 'ఎక్స్‌కోడ్ ఘోస్ట్' అని పేరుపడ్డ ఈ దెయ్యం వీచాట్ 6.2.5 వెర్షన్‌లోకి కూడా దూరింది. సుమారు 2,500 యాప్‌లు సోకాయనీ, వాటిని 12.8 కోట్ల మంది దింపుకున్నారనీ 2021లో ఒక కోర్టు విచారణలో బయటికొచ్చిన ఆపిల్ అంతర్గత ఉత్తరాలు చెప్పాయి. కంపైలరే మోసం చేస్తే కోడ్ చదివి లాభం లేదని యునిక్స్ నిర్మాతల్లో ఒకడైన కెన్ థాంప్సన్ ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో హెచ్చరించాడు. ఆ ప్రసంగం 1984లో అచ్చయింది. ముప్పై ఏళ్ల తరువాత అది కోట్ల జేబుల్లోకి వచ్చింది.

మరి తనిఖీ చేసే సాధనమే మోసం చేస్తే? ఇదీ జరిగింది. పరీక్షలు కోడ్‌లో ఎంత భాగాన్ని తాకాయో కొలిచే కోడ్‌కవ్ అనే సేవను అనేక సంస్థలు తమ పైప్‌లైన్లలో బిగించుకున్నాయి. 2021 జనవరి 31 నుంచి ఏప్రిల్ 1 దాకా ఆ సేవ ఇచ్చే ఒక చిన్న ప్రోగ్రామును దొంగలు మార్చివేశారు. పైప్‌లైన్‌లో అందుబాటులో ఉన్న తాళంచెవులను అది నిశ్శబ్దంగా దొంగల సర్వరుకు చేరవేసింది. రెండు నెలలపాటు! చివరికి పట్టుకున్నది ఒక వాడకందారు. దింపుకున్న ఫైలు 'హ్యాష్' విలువను, కోడ్‌కవ్ ప్రకటించిన విలువతో పోల్చి చూశాడు. హ్యాష్ అంటే ఫైలు మొత్తాన్నీ ఒక గణిత సూత్రంలో పోసి తీసిన చిన్న వేలిముద్ర. ఫైలులో ఒక్క అక్షరం మారినా ముద్ర గుర్తుపట్టలేనంతగా మారుతుంది. రెండూ కలవలేదు.

అందువల్ల స్కానరును పైప్‌లైన్‌లో చేర్చేటప్పుడు దానికి ఏ తాళంచెవులు అందుతున్నాయో చూడాలి. పొట్లాన్ని విప్పి చూసేవాడికి సంతకం చేసే ముద్రతో పని లేదు. స్కానింగును ఒక యంత్రంలో, సంతకాన్ని వేరే యంత్రంలో ఉంచాలి. స్కానరు వెర్షన్‌ను హ్యాష్‌తో సహా రాసి బిగించాలి. కొత్త వెర్షన్ వచ్చిందంటే తనంతట తానే దింపుకోవడం సౌకర్యమే గాని, కోడ్‌కవ్ వాడకందారులకు ఆ సౌకర్యమే ముప్పు తెచ్చింది.

భారతీయ రిజర్వు బ్యాంకు 2021 ఫిబ్రవరిలో డిజిటల్ చెల్లింపుల భద్రతపై జారీచేసిన ఆదేశాల్లో మొబైల్ యాప్‌లకు ఒక అధ్యాయమే కేటాయించింది. పెద్ద సంస్థలు ఖరీదైన స్కానర్లు కొంటాయి. మీకు ఆ ఖర్చు అక్కరలేదు. మన దేశానికి చెందిన భద్రతా ఇంజినీరు అజిన్ అబ్రహం మొదలుపెట్టిన 'మాబ్ఎస్ఎఫ్' అనే స్కానరు ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. ఏ తప్పులు వెతకాలన్న దానికి 'ఒవాస్ప్' సంస్థ ప్రచురించే మొబైల్ లోపాల జాబితా మంచి ఆరంభం. 2024 జాబితాలో మొదటి స్థానం తాళంచెవులను తప్పుగా వాడడానిదే. రెండోది తెచ్చుకున్న కోడ్, సాధనాల నుంచి వచ్చే ముప్పు.

మీరు గాని మీ మిత్రులు గాని రాసిన యాప్ ఏదైనా ఉంటే దాని ఏపీకే ఫైలుకు ఒక నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి విప్పండి. కంపైలైన కోడ్ ఫైలును మామూలు పాఠ సంపాదకంలో తెరిచినా, అక్షరాల చిందరవందర మధ్య మీరు రాసిన సర్వరు చిరునామాలు చదవగలిగేలా కనిపిస్తాయి. తాళంచెవి ఏదైనా రాసి ఉంటే అదీ కనిపించవచ్చు. తరువాత అదే ఫైలును మాబ్ఎస్ఎఫ్‌కు ఇచ్చి, మీరు చూడనివి అదెన్ని చూసిందో లెక్కపెట్టండి. వాటిలో అబద్ధపు కేకలు ఎన్నో కూడా. ఒక్క జాగ్రత్త: ఈ ప్రయోగం సొంత యాప్ మీదే చేయండి. ఇతరుల సర్వర్లను వారి అనుమతి లేకుండా తట్టి చూడడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం నేరం కావచ్చు.